బొమ్మలు గీయడం రానివాళ్ళు ఆర్ట్ హిస్టరీ ఎంఏ చేయొచ్చా అండి?

కోనసీమ పిల్ల:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, హిస్టరీ ఎకనామిక్స్ పాలిటిక్స్‌తో బీఏ ఈ ఏడుతో అయిపోద్ది. నాన్నగారేమో బీఈడీ చేసెయ్యమ్మా డీఎస్సీ రాస్తే దగ్గర్లోనే ఉండొచ్చు అంటున్నారు, నాకేమో గుళ్ళు, శిల్పాలు, పాత పెయింటింగ్స్ గురించి చదవాలని గట్టిగా ఉంది. కాలేజీ వాళ్ళు ద్రాక్షారామం తీసుకెళ్ళినప్పుడు అందరూ దర్శనం చేసుకుని ప్రసాదం తీసుకుని బస్సెక్కేశారు గానీ నేను ఆ స్తంభాల మీద శాసనాలు చూస్తా ఉండిపోయాను, అప్పట్నుంచీ ఇదే ధ్యాస. కానీ నాకు బొమ్మ గీయడం అస్సలు రాదండి. డిగ్రీ కూడా సగం తెలుగు మీడియంలోనే లాగించేశాను. ఇలాంటిదాన్ని తీసుకుంటారా? ఎక్కడ చదవాలి? తర్వాత ఉద్యోగం ఏమొస్తది? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

ఢిల్లీలో కాకినాడోణ్ణి:
చెల్లెమ్మా, ముందు ఆ గీయడం సంగతి తీసి పక్కన పెట్టెయ్. ఆర్ట్ హిస్టరీలో నిన్ను గీయమనరు, చూడమంటారు, చూసింది రాయమంటారు. నేను జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్తటిక్స్‌లో ఎంఏ చేశాను, ఏ డిగ్రీ ఉన్నా అప్లై చేసుకోవచ్చు, సియూఈటీ పీజీ అని పీజీ సీట్లకి పెట్టే ఎంట్రెన్స్ పరీక్ష రాయాలి. అక్కడ పెయింటింగ్, శిల్పంతో పాటు నాటకం, సినిమా కూడా చెప్తారు. బరోడాలో ఎంఎస్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో పెట్టింది, ఆర్ట్ హిస్టరీకి దేశంలో పెద్ద పేరు దానికే. మనకి దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, అక్కడ ఆర్ట్ హిస్టరీలో ఎంఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ, ఉంటది, దానికి ఏ డిగ్రీ ఉండాలో మాత్రం ఆ ఏడు నోటిఫికేషన్ లైను లైనూ చదువుకో.

ఇంతకీ క్లాసులో ఏం చేస్తారో చెప్తా, అది తెలిస్తే నీకు సరిపోద్దో లేదో నీకే అర్థమైపోద్ది. మన ఏలూరు జిల్లాలో గుంటుపల్లి గుహలు ఉన్నాయి కదా, జీలకర్రగూడెం పక్కన. క్రీస్తుకి ముందు నాటి బౌద్ధ గుహలు. అందులో ఒక చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరం, గుండ్రంగా ఉంటది, మధ్యలో స్తూపం, అది కూడా అక్కడి రాయిలోంచే తొలిచిందే. లోపల నిలబడి తల పైకెత్తి చూడు. కప్పుకి వాసాలు కనిపిస్తాయి! పైన ఒక చోట కలిసి, కిందకి గుండ్రంగా దిగుతా, అచ్చం మన గుండ్రటి పూరింటి కప్పుకి లోపల వాసాలు ఎలా ఉంటాయో అలాగే, కాకపోతే రాతిలో చెక్కారు. ఇప్పుడు ఆలోచించు, కొండ తొలిచిన గుహకి వాసాలతో పనేముంది? అవి దేన్నీ మోయవు. అంటే ఆ చెక్కినోళ్ళకి గుడి అంటే కర్రతో కట్టేదే, రాయి చేతికొచ్చినా ఆ రూపం వదల్లేదు. ఆ కర్ర కట్టడాలు ఒక్కటీ మిగల్లేదు, అవి ఎలా ఉండేవో మనకి చెప్తున్నది ఈ రాయే. ఇదే పద్ధతి బీహార్ బరాబర్ కొండల్లో లోమస్ ఋషి గుహ వాకిలి దగ్గరా కనపడతది, అశోకుడి కాలం నాటిది. ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన తెర మీద వేసి గంటన్నర మాట్లాడిస్తారు మా మేడమ్. పరీక్షలో కూడా అంతే, తెర మీద ఒక బొమ్మ వస్తది, ఏ కాలం, ఏ ప్రాంతం, ఏ రాయి, అలా అని ఎందుకు అనుకుంటున్నావు అని రాయాలి. ఆ ఎందుకు దగ్గరే మార్కులన్నీ.

ఇంగ్లీష్ గురించి అబద్ధం చెప్పను, మొదటి సెమిస్టర్ చాలా కష్టంగా ఉంటది, వారానికి బోలెడు చదవమంటారు. ఇప్పట్నుంచే ఒక పని చెయ్. మీ ఊరి చుట్టుపక్కల ఏదో ఒక్క గుడి పట్టుకుని, కనిపించింది కనిపించినట్టు తెలుగులో ఒక పేజీ రాయి, అద్భుతం, అపురూపం లాంటి మాటలు వాడకుండా. తర్వాత దాన్నే ఇంగ్లీష్‌లో రాయి. నన్నడిగితే అసలు ట్రైనింగ్ అదే.

గోదారి గట్టు:
అమ్మాయి, రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ చూశావా? చూడకపోతే ఈ ఆదివారమే వెళ్ళు. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచి వచ్చి పోయారు, ముప్ఫై కూడా నిండలేదు. ఇక్కడి గవర్నమెంట్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ఆ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూల్‌కి పంపించారు. చదువయ్యాక తిరిగి రాజమండ్రి వచ్చి ఇక్కడే కుర్రాళ్ళకి నేర్పారు. ఆ బొమ్మల ముందు నిలబడి, బెంగాల్ చిత్రకారులు అదే టైంలో వేసిన వాటిని ఫోన్‌లో తీసి పక్కన పెట్టి చూడు, గీత ఎక్కడ గట్టిగా ఉంది, రంగు ఎక్కడ పల్చగా ఉంది, ఆడవాళ్ళ చీరకట్టు ఎలా వేశారు అని. ఆంధ్రా చిత్రకళ మీద రాయాల్సింది ఇంకా బోలెడుంది, మనోళ్ళు ఎవరైనా పూనుకుని చదివితేనే అవుద్ది. నాకు చాలా సంతోషంగా ఉంది నువ్వు ఇలా అడిగినందుకు.

రిటైర్డ్ మాస్టారు:
ఉద్యోగం సంగతి ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తానమ్మా. ఆర్ట్ హిస్టరీ ఎంఏతో నెట్, అంటే కాలేజీ, యూనివర్సిటీ లెక్చరర్ అర్హత పరీక్ష, రాస్తే విజువల్ ఆర్ట్ సబ్జెక్టులో రాయాలి, హిస్టరీలో కాదు. మన జూనియర్ కాలేజీల్లో హిస్టరీ లెక్చరర్ పోస్టుకి ఎంఏ హిస్టరీ అడుగుతారు, ఇది ముందే తెలుసుకుని దిగు. మ్యూజియం పోస్టులు తక్కువ, ఎప్పుడో గానీ పడవు. ప్రైవేటు గ్యాలరీలు, వేలం సంస్థలు, ఆర్కైవ్‌లు ఎక్కువగా ఢిల్లీ, ముంబైలోనే. నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది, అక్కడ హిస్టరీ ఆఫ్ ఆర్ట్‌తో పాటు మ్యూజియాలజీ (మ్యూజియం నడిపే చదువు), కన్సర్వేషన్ (పాత వస్తువులు పాడవకుండా కాపాడే చదువు)లో కూడా ఎంఏ ఉంది. మ్యూజియాలజీ చేస్తే మ్యూజియం ఉద్యోగానికి నేరుగా పనికొస్తది, అది కూడా చూడు. ఆ నెట్‌లోనే మంచి మార్కులతో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి డబ్బుల ఇబ్బంది ఉండదు. బీఈడీ మాత్రం ఎక్కడికీ పోదు, రెండేళ్ళ తర్వాతైనా చేసుకోవచ్చు, ఆ మాట నాన్నగారికి నెమ్మదిగా చెప్పు.

కోనసీమ పిల్ల:
అందరికీ చాలా థాంక్స్ అండి, మాస్టారు గారూ మీరు చెప్పిన నెట్ సంగతి నాకు అస్సలు తెలీదు. అన్నయ్యా, గుడి గురించి రాయమన్నారు కదా, సామర్లకోట భీమేశ్వరస్వామి గుడి తీసుకోవచ్చా? అక్కడా ద్రాక్షారామంలో లాగానే గర్భగుడి రెండంతస్తులుగా ఉంటది, లింగం పైఅంతస్తు దాకా ఉంటది. ఒక గుడి చూసి రెండోది కట్టారా అని డౌటు.

ఢిల్లీలో కాకినాడోణ్ణి:
ఆయ్, అదే తీసుకో! రెండూ చాళుక్యుల కాలంవే. కానీ ఏది చూసి ఏది కట్టారో అప్పుడే తేల్చేయకు. ముందు రెండు చోట్లా మెట్లు ఎక్కడున్నాయి, గోడకి గూళ్ళు ఎన్ని, స్తంభాలు ఏ ఆకారం, ఏవి పాతవి, ఏవి తర్వాత చేర్చినట్టున్నాయి, ఇవి విడివిడిగా రాసుకో. లోపల ఫొటోలు తియ్యనివ్వరు కాబట్టి నోట్‌బుక్ పట్టుకెళ్ళు. పొద్దున్నే వెళ్ళు, రష్ ఉండదు, పక్క నుంచి పడే ఎండలో బయట గోడల మీద చెక్కడం బాగా తెలుస్తది. రాసింది ఇక్కడే పెట్టు, చదివి చెప్తా.