సమస్యాపూరణం: ఉడుత వచ్చి జనుల నుద్ధరించె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తిచేయాలి. సందర్భం మాత్రం కొంచెం దూరం నుంచి తెచ్చా, అమెరికా దక్షిణాది రాష్ట్రాల కంట్రీ కామెడీ ఆల్బమ్‌లు, అంటే మైకు పట్టుకుని కాసేపు ఊరి కబుర్లు చెప్పి నవ్వించి, మధ్యలో గిటారు అందుకుని ఓ నవ్వుల పాట పాడి మళ్ళీ కబుర్లలోకి దిగే రికార్డులు. హరికథలు విన్నవాళ్ళకి ఈ నడక వెంటనే పట్టుబడుతుంది. ఉడుత ఎందుకంటారా, జార్జియాలో పుట్టిన హాస్యగాయకుడు రే స్టీవెన్స్ 1984 ఆల్బమ్‌లో ఒక పాట ఉంది, మిసిసిపీలో పాస్కగూలా అనే ఊళ్ళో ఒక పిల్లాడు ఉడుతని పట్టి చెప్పుల పెట్టెలో పెట్టుకుని చర్చికి తీసుకెళ్తాడు, అది తప్పించుకుని జనం బట్టల్లో దూరుతుంది, వాళ్ళేమో పరిశుద్ధాత్మ దిగొచ్చిందనుకుని దాచుకున్న తప్పులన్నీ బయటికి చెప్పేసుకుంటారు. ఆ పాట సగం కథ చెప్పడమే, అందుకే నాకంత ఇష్టం. రామాయణం వైపు వెళ్ళినా సరే, కానీ పైన చెప్పిన లోకాన్ని పట్టుకున్నవాళ్ళకి నా దగ్గర ఎక్కువ మార్కులు.

పాతరేడియో:
చర్చిలోన జారె చంటిబాలుని పెట్టె
మూత యూడె, కేక మోత మోగె
దాచినట్టి తప్పు తామె చెప్పగ జేసి
ఉడుత వచ్చి జనుల నుద్ధరించె

నిర్వాహకుడు:
పాతరేడియో గారూ, మొదటి పూరణే కథని పూర్తిగా పట్టేసింది, రెండో పాదం చదువుతుంటే ఆ గోల చెవిలో వినపడింది. రెండు మాటలు చెప్తా. చంటిబాలుడంటే పాలు తాగేవాడు, వాడు ఉడుతని ఎలా పడతాడు? పోనీ చిన్నబాలుని అందామంటే చ-కి చి-కి అచ్చు కుదరక యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన పొత్తు) పోతుంది, జాణబాలుని అంటే గణాలూ యతీ రెండూ నిలబడతాయి, వాడి తెలివీ తెలుస్తుంది. ఇంకోటి, "చేసి" క్త్వార్థం (పని ముగించి అనే అర్థమిచ్చే అసమాపక క్రియ) కాబట్టి సంధి రాదు, యడాగమం వచ్చి, అంటే మధ్యలో య చేరి, "యుడుత" అవ్వాలి. "చెప్పగ జేయ" అని మారిస్తే "నుడుత వచ్చి" అని హాయిగా కలిసిపోతుంది.

గోదారిగట్టు:
ఒంటి నంటు నిసుక యొక్కొక్క రేణువై
సేతు వందు గలిసె చిన్న సేవ
రామకార్యమందు రవ్వంత తోడుగా
నుడుత వచ్చి జనుల నుద్ధరించె

నిర్వాహకుడు:
అమ్మా, ధార చాలా బాగుంది, "చిన్న సేవ" దగ్గర మనసు ఆగింది. కానీ సమస్యలో చిక్కు "జనుల" అన్న మాట దగ్గరుంది, ఉడుత సాయం రాముడికి అందింది సరే, జనానికి ఏం ఒరిగిందో మూడో పాదంలో ఒక్క మాటైనా పడాల్సింది. పైగా ఉడుత అనగానే అందరికీ ముందు తట్టేది ఇదే కదా, పూరణ చదివినవాళ్ళు ఇలా కూడా కుదురుతుందా అని ఆగిపోవాలి.

కొత్తకలం:
నమస్తే గురువుగారూ, నాకు కంట్రీ హాస్యనటి మిన్నీ పెర్ల్ గుర్తొచ్చింది, టోపీకి ధర చీటీ వేలాడుతూ స్టేజి మీదకి వచ్చే ఆవిడ. "టోపీకి వేలాడె రెండు డాలర్ల చీటి" అని మొదలెట్టా, చూసి చెప్పండి.

నిర్వాహకుడు:
తమ్ముడూ, ఎత్తుకోవడమే మంచి చోట ఎత్తుకున్నావు. కానీ "టోపీ" రెండు గురువులు, ఆటవెలదిలో మొదటి మూడూ సూర్యగణాలే కావాలి, అంటే గలం (గురువు, లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ. ధర కూడా రెండు డాలర్లు కాదు, 1.98 డాలర్లు, ఆ రెండు సెంట్ల తగ్గింపులోనే కదా సంత బేరం అంతా ఉంది! ఆవిడ నాష్‌విల్‌లో మంచి కాలేజీలో చదువుకున్న మనిషి, 1940లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ సంగీత రేడియో కార్యక్రమంలో చేరి దశాబ్దాల తరబడి పల్లెటూరి పిల్లగా నవ్వించింది. పల్లెని తక్కువ చేసి కాదు, తనూ అందులో మనిషిగా నిలబడి. ఆ గౌరవం పద్యంలో కనపడేలా మళ్ళీ రాయి.

కొత్తకలం:
ధరల చీటి వేలె తలపైన టోపీకి
హౌడి యన్న కేక హాయి గొలిపె
వేదికెక్కి గంతు వేసి నవ్వించెడు
నుడుత వచ్చి జనుల నుద్ధరించె

నిర్వాహకుడు:
భేష్! హౌ-కి హా-కి యతి ఎంత చక్కగా పడిందో చూడు, ఆవిడ పలకరింపే యతిస్థానం అయిపోయింది. ఆవిణ్ణి ఉడుత అనడానికి గంతు ఒక్కటే ఆధారం, ఇంకో పోలిక ఉంటే రూపకం గట్టిపడేది, అయినా నాకు నచ్చింది.

అట్లాంటావాసి:
మా ఊరి హాస్యగాడు జెఫ్ ఫాక్స్‌వర్తీ పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ? ఐబీఎంలో ఉద్యోగం మానేసి స్టేజెక్కాడు, 1993 ఆల్బమ్‌తో అమెరికా అంతా తెలిసిపోయాడు, 1996లో మా ఊళ్ళో ఒలింపిక్స్ జరిగినప్పుడు కంట్రీ గాయకుడు ఆలన్ జాక్సన్‌తో కలిసి పల్లెటూరి ఆటల మీద పాట చేశాడు, కబుర్లు ఈయనవి, పల్లవి ఆయనది, రెండూ ఎక్కడ అతికాయో తెలియదు. నా పూరణ ఆ అతుకు మీదే.

మాట యాగినంత పాట యందుకొనగ
నవ్వు కొమ్మ మీద నాట్య మాడె
పల్లె గుండె బరువు పైకెత్తి విసరగ
నుడుత వచ్చి జనుల నుద్ధరించె

పాతరేడియో:
భావం అదిరింది గానీ మొదటి పాదంలో మా-కి పా-కి యతి చెల్లదు కదండీ?

నిర్వాహకుడు:
అది ప్రాసయతి, మాట-పాట, ముందు రెండూ గురువులే, తర్వాత రెండు చోట్లా టకారమే, ఆటవెలదిలో నిక్షేపంగా చెల్లుతుంది. అసలు ఈ పద్యానికి అదే ప్రాణం, మాటని పాటకి ముడేసిన చోటే ప్రాస పడింది, ఇలాంటి ఆల్బమ్ చేసే పని కూడా అదే కదా. కబుర్లు అయిపోయాక విశ్రాంతికి పాట పెడితే ఆల్బమ్ తేలిపోతుంది, కబుర్లలో మొదలైన నవ్వుని పాట ఇంకో మెట్టు ఎక్కించాలి. కబుర్ల హాస్యగాడు జెర్రీ క్లవర్ అయితే పాట లేకుండానే నెగ్గుకొచ్చాడనుకోండి, మిసిసిపీలోని యాజూ సిటీలో ఎరువులు అమ్ముతూ రైతులకి చెప్పిన కబుర్లే రికార్డులయ్యాయి, ఆయన గొంతులోనే ఆ ఎత్తుపల్లాలన్నీ ఉండేవి. అందరికీ అది కుదరదు.

ఉడుతని నవ్వుగా మార్చేసి, చిన్న ప్రాణి చేత పల్లె గుండె బరువు ఎత్తించడం నాకు బాగా నచ్చింది, ఈ వారం నా ఓటు దీనికే. "విసరగ" బదులు "దింపగ" బాగుంటుంది అనిపిస్తోంది, అది భగణం (గురువు, రెండు లఘువులు), అదీ ఇంద్రగణమే కాబట్టి గణాలూ చెడవు, ఇష్టమైతే మార్చుకోండి.

గోదారిగట్టు గారూ, మూడో పాదం మార్చి మళ్ళీ పెట్టండి, ఆదివారం రాత్రి దాకా టైముంది. మిగతావాళ్ళు ఇదే సమస్యని కందంలోకి మార్చి ప్రయత్నిస్తామన్నా సరే, ప్రాస మాత్రం డకారమే ఉంచండి.