అప్‌డేట్: గువ్వలచెరువు ఘాట్‌లో మూడు ఆటోమేటిక్‌లు నడిపాక

నడుము నొప్పి ఉన్న అమ్మను వారం వారం కడప నుంచి రాయచోటికి తీసుకెళ్లడానికి ఏ ఆటోమేటిక్ గేర్ల కారు మేలని పోయిన నెల ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కారునూ ఆ దారిలోని గువ్వలచెరువు ఘాట్ ఎక్కించి చూశాను.

మొదటిది ఏఎంటీ. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ పని మోటారు చేస్తుంది. లారీ వెనక ఎక్కుతుంటే రెండు నుంచి మూడుకు మారిన ప్రతిసారీ లాగుడు క్షణం ఆగి, అమ్మ తల ముందుకు ఊగింది. అక్కడికే వద్దనుకున్నాను.

వెన్యూ టర్బోలోని 7 గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్) నాకు ఎంతో నచ్చింది. తర్వాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి మారినట్టే తెలియదు. కానీ ఆ రెండూ నూనెలో మునగని పొడి క్లచ్‌లు; ఎత్తులో లారీల వెనక పాకుతూ పోతే వేడెక్కుతాయి. మా దారి అలాంటిదే.

చివరికి బ్రెజా తీసుకున్నాం. 6 గేర్ల టార్క్ కన్వర్టర్. ఇంజిన్ శక్తి నూనె ద్వారా అందుతుంది కనుక, బ్రేకు వదలగానే నీటి మీద పడవలా కదులుతుంది. గట్టిగా తొక్కితే గేరు దించడానికి కాస్త సమయం తీసుకుంటుంది, మాకు తొందర లేదు. మొన్న ఘాట్ ఎక్కి పాలకోవా కోసం ఆపితే, అమ్మ కళ్లు తెరిచి "అప్పుడే వచ్చేశామా?" అంది.