సెలవు రోజంతా ఇల్లు శుభ్రం చేసుకుని, రాబోయే రోజులకు వండిపెట్టుకోవడం విశ్రాంతేనా?

నిదానం:
వారంలో దొరికే ఒక్క సెలవునూ ఇల్లు దులుపుకోవడానికీ, రాబోయే రోజులకు వండిపెట్టుకోవడానికీ వాడుకుంటే ఆ సెలవు దక్కినట్టా, పోయినట్టా? నా మాట ముందే చెబుతాను. నాకు అంతకంటే మంచి రోజు లేదు. ఫోను తీసి పక్కన పడేస్తాను. పొద్దున్నే గింజలు నానబోస్తాను. అవి నానేలోపు పైనుంచి కిందికి దుమ్ము దులిపి, నేల చివర్లో తుడుస్తాను. పొయ్యి మీద గిన్నె ఉడుకుతుంటే అల్మరా సర్దుకుంటాను. సాయంత్రానికి ఇల్లు తేటపడుతుంది, ఫ్రిజ్‌లో డబ్బాలు నిండుతాయి. ఉద్యోగంలో నేను చేసిన పని ఎక్కడికి పోతుందో నాకు కనిపించదు. ఇక్కడ కనిపిస్తుంది. ఇది విశ్రాంతి కాదనేవారు ఎందుకు కాదో చెప్పండి.

గడపదాటి:
నేను చెబుతాను. పరిశ్రమల్లో పనిచేసేవారికి ఏడు రోజులకు ఒకసారి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం చేసింది. ఇళ్లలో పనిచేసేవారికీ అదే హక్కు ఉండాలని 2011లో మరో ఒప్పందం వచ్చింది. దాని అర్థం ఏమిటి? ఇంకొకరి ఇంట్లో ఊడ్చి, తుడిచి, వండితే అది పని. దాని నుంచి వారానికి ఒక రోజు విముక్తి ఇచ్చి తీరాలి. అదే ఊడ్పు, అదే వంట సొంత ఇంట్లో చేస్తే విశ్రాంతి ఎలా అవుతుంది? నడుము నొప్పికి ఎవరి ఇల్లో తెలియదు కదా.

కిటికీపక్క:
నేను నిదానం గారి పక్షం. ఇల్లు చిందరవందరగా ఉంటే నాకు కూర్చున్నా కూర్చున్నట్టు ఉండదు.

ఉప్పుకల్లు:
విశ్రాంతి సంగతి తర్వాత. నిదానం గారూ, ఎన్ని రోజులకు వండుతారు? అన్నం కూడా అందులో ఉందా?

నిదానం:
ఉంది. ఐదారు రోజులకు. తినేముందు బాగా వేడి చేస్తాను. ఇంతవరకు నాకు ఏమీ కాలేదు.

ఉప్పుకల్లు:
మీకు ఏమీ కాకపోవడం రుజువు కాదు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. ఉడికించినా అవి చావవు. వండినదాన్ని బయట వదిలేస్తే మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే "బాగా వేడి చేస్తాను" అన్న మాట నన్ను భయపెట్టింది. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దనీ, 5 డిగ్రీల లోపు చల్లగానో 60 డిగ్రీల పైన వేడిగానో ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్ద గిన్నెలో నడిమి భాగం చల్లారడానికి చాలా సేపు పడుతుంది. లోతు తక్కువ ఉన్న డబ్బాల్లోకి పలచగా సర్దాలి. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులే. అంతకు మించితే మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టించాలి. ఫ్రిజ్ చలిలో కూడా పెరిగే లిస్టీరియా లాంటి సూక్ష్మజీవులు ఉన్నాయని మరచిపోవద్దు.

తలుపుగొళ్లెం:
శుభ్రం చేసేవారికి ఒక మాట. బ్లీచింగ్ ద్రావణాన్ని, ఆమ్లం ఉన్న బాత్రూమ్ క్లీనర్‌ను కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీలు తెరిచి పని చేయండి.

నిదానం:
ఉప్పుకల్లు గారూ, నేను గంటలోపే డబ్బాలకు సర్దేస్తాను. చివరి రెండు రోజులకు గడ్డకట్టించినదే వాడతాను. అడగకుండానే నన్ను అజాగ్రత్తపరుణ్ణి చేశారు.

ఉప్పుకల్లు:
మీరు రాసింది "ఐదారు రోజులకు" అని. గడ్డకట్టిస్తానని రాయలేదు. చదివేవారు మీరు రాసిందే పాటిస్తారు.

గడపదాటి:
ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉండాలన్నది తేలాక నా ప్రశ్నకు ఎవరైనా జవాబు చెబుతారా? ముందే వండిపెట్టే పద్ధతి నేనూ పట్టుకున్నాను. వారం మధ్యలో సాయంత్రాలు నావి అవుతాయనుకున్నాను. కొన్నాళ్లు అయ్యాయి కూడా. ఆ తర్వాత ఉద్యోగంలో పొద్దుపోయాక మిగిలిన పనంతా నా బల్ల మీదికి చేరింది. "మీకు వంట తొందర లేదు కదా" అన్నారు. ఇంట్లో డబ్బా ఖాళీ అయితే "అయిపోయింది" అని నాకు చెబుతారు, ఖాళీ డబ్బాను కడగరు. మిగిల్చిన గంటలను ఒకరి తర్వాత ఒకరు తీసుకుపోయారు. నాకు సెలవు రోజూ లేదు, సాయంత్రాలూ లేవు. జీతం లేని ఇంటి పని, సంరక్షణ పని గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లవేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక లెక్కగట్టింది. సర్దిన అల్మరా చూసి పొంగిపోయేవారు ఆ అంకెను కూడా చూడాలి.

నిదానం:
ఆ అంకెను నా ముఖాన ఎందుకు కొడుతున్నారు? నేను ఒంటరిగా ఉంటాను. నాకు వండిపెట్టేవారు లేరు. ఎవరి చేతా చేయించుకోవడం లేదు. మగవాడు తన గిన్నె తాను కడుక్కుంటే కూడా తప్పేనా? మీ ఇంటివారి మీద కోపాన్ని మీ ఇంటివారికి చెప్పండి.

గడపదాటి:
చెప్పని రోజు లేదు. ఇక్కడ చెబితే మీకు ఇంత బాధ కలిగింది. అక్కడ చెబితే ఎవరికీ కలగడం లేదు.

కిటికీపక్క:
ఇద్దరూ కాస్త ఆగండి. మంచి చర్చ పాడవుతోంది.

గడపదాటి:
పాడవడం లేదు, ఇప్పుడే అసలు చోటికి వచ్చింది. నిదానం గారు రాసిన మొదటి పోస్టు మళ్లీ చదివాను. "ఫోను తీసి పక్కన పడేస్తాను" అన్నారు. నా గొడవ ఊడ్పుతో కాదు, వంటతో కాదు, ఆ ఒక్క వాక్యంతో. మీరు పక్కన పడేయగలరు. గింజలు నానబోసి మధ్యలో నిద్ర వస్తే పడుకోగలరు. వండినదాన్ని మీరే తింటారు, చాలనుకున్నప్పుడు ఆపుతారు. నేను చేసేదీ అవే పనులు. ఒక్కటీ నా ఇష్టం వచ్చినప్పుడు ఆపలేను. ఆపగలిగినదాన్ని మీరు విశ్రాంతి అంటున్నారు. ఆపలేనిదాన్ని నేను పని అంటున్నాను. ఇద్దరం ఒకే చీపురు పట్టుకుని వేరువేరు సంగతులు మాట్లాడుతున్నాం.

నిదానం:
అక్కడ మీతో సగమే ఏకీభవిస్తాను. ఆపగలనన్నది నిజం. ఆపితే ఏమవుతుందో మీరు ఆలోచించడం లేదు. ఒకసారి సెలవంతా పడుకున్నాను. వారం మధ్యలో జ్వరం వచ్చింది. తలుపు తీసుకుని లోపలికి వస్తే ఇంట్లో తినడానికి ఏదీ లేదు, మంచినీళ్లు పోసుకుందామంటే కడిగిన గ్లాసు లేదు. "అయిపోయింది" అని చెప్పడానికి కూడా మనిషి లేని ఇల్లు అది. ఒంటరివాడికి ఆపే హక్కు ఉంటుంది, ఆపిన చోట చెయ్యి వేసేవారు ఉండరు. నేను ఆ రోజున వండేది జ్వరం వచ్చే నా కోసం. దాన్ని ఎవరూ నా మీద పెట్టలేదు, అయినా తప్పించుకోలేను. అందుకే ఆ రోజును ఇష్టంగా చేసుకుంటాను. ఇష్టం లేకుండా చేస్తే నాకు మిగిలేది ఏమీ లేదు.

గడపదాటి:
ఇష్టంగా చేసుకోండి, కాదనను. దానికి విశ్రాంతి అని పేరు పెట్టి "ఇంతకంటే మంచి సెలవు లేదు" అని రాయకండి. ఆ మాట నాకు చూపించి "చూడు, వాళ్లకు ఇదంతా ఎంత సంతోషమో" అనేవారు మా ఇంట్లో ఉన్నారు.

నిదానం:
నాకు సంతోషంగా ఉన్నదాన్ని లేదని రాయలేను. మీ ఇంట్లోవారికి చూపించదలిస్తే, ఖాళీ అయిన డబ్బాలు కూడా నేనే కడుగుతానన్న మాట చూపించండి.