ట్వైలైట్ ఇంపీరియం: యుద్ధాలన్నీ గెలిచేవాడు ఆట మాత్రం ఓడిపోతున్నాడు, ఎందుకు?

బల్లమీద_గెలాక్సీ:
మేం ఐదుగురం ఫ్రెండ్స్, వీలైనప్పుడల్లా ఆదివారం ట్వైలైట్ ఇంపీరియం అనే అంతరిక్ష సామ్రాజ్యాల బోర్డు గేమ్, ఫోర్త్ ఎడిషన్ పరుస్తాం, పొద్దున టిఫిన్లు చేసి కూర్చుంటే లేచేసరికి చీకటి పడుతుంది. మాలో ఒకడు ఎప్పుడూ బారనీ ఆఫ్ లెట్నెవ్ అనే ఫ్యాక్షన్ (ఆటలో ఒక పక్షం) తీసుకుని, డ్రెడ్‌నాట్లు అనే పెద్ద యుద్ధనౌకలు వరసగా కట్టేసి పక్కవాడి మీద పడతాడు, గెలుస్తాడు కూడా. కానీ చివరికి చూస్తే ఇద్దరూ వెనకే, ఎవరి జోలికీ పోనివాడు 10 పాయింట్లు కొట్టేస్తాడు. దెబ్బతిన్నవాడు అలిగి ఇక రానంటున్నాడు. వాడు మానేస్తే నాకు నిజంగా బాధ. ఏం చేయాలి చెప్పండి.

డైస్_రాణి:
అన్నా, ఇది గ్రహాలు ఎక్కువ ఉన్నవాళ్ళు గెలిచే ఆట కాదు. ముందు 10 పాయింట్లు చేసినవాళ్ళదే ఆట, షిప్పులు పగలగొడితే దానంతటది పాయింట్ రాదు. రౌండ్ చివర ఒక పబ్లిక్ ఆబ్జెక్టివ్ (అందరికీ కనిపించే లక్ష్యం), ఒక సీక్రెట్ ఆబ్జెక్టివ్ (మనకొక్కరికే తెలిసేది) మాత్రమే స్కోర్ చేయనిస్తారు కదా, ఆ రౌండంతా డ్రెడ్‌నాట్‌కి 4 చొప్పున రిసోర్సులు పోసి పక్కవాడితో కొట్టుకుంటే ఆ ఛాన్స్ పోయినట్టే. లెట్నెవ్‌కి ఒక్కో సిస్టమ్‌లో, అంటే బోర్డు పలకలో, మిగతావాళ్ళకంటే 2 షిప్పులు ఎక్కువ పెట్టుకునే వీలుంది, ఆ బలాన్ని బోర్డు మధ్యలో ఉండే గ్రహం మెకటాల్ రెక్స్ వైపు తిప్పమను. గ్రహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్స్ 6 కట్టి అక్కడ ఇన్‌ఫాంట్రీని (కాల్బలాన్ని) దించితే కస్టోడియన్స్ టోకెన్ వస్తుంది, అక్కడికక్కడే 1 పాయింట్, ఆ తర్వాత మెకటాల్ రెక్స్ చేతిలో ఉండగా, రౌండ్ మొదట ఎంచుకునే కార్డుల్లో ఇంపీరియల్ కార్డు తీసుకుని ఆడితే ఇంకోటి.

పక్కసిస్టమ్_వాడు:
అలిగినవాడి తరఫున నేను మాట్లాడతా. మనం ఆట మొదలుపెట్టే హోమ్ సిస్టమ్‌లో గ్రహాలన్నీ చేతిలో లేకపోతే పబ్లిక్ ఆబ్జెక్టివ్‌లు స్కోర్ చేయలేం, అంటే హోమ్ పోయినవాడు మిగతా సగం రోజు ఊరికే కూర్చోవాలి, అలగడంలో తప్పేముంది? మొదటి రౌండ్‌లోనే వాళ్ళిద్దర్నీ తమ తమ సపోర్ట్ ఫర్ ద థ్రోన్ కార్డులు ఒకరికొకరు మార్చుకోమనండి. ఇద్దరికీ చెరో పాయింట్, తీసుకున్నవాడు అవతలివాడి యూనిట్లు (షిప్పులు, సైన్యం ఏవైనా) ఉన్న సిస్టమ్‌ని యాక్టివేట్ చేస్తే, అంటే అక్కడ తన కమాండ్ టోకెన్ పెడితే, కార్డు వెనక్కి ఇవ్వాలి, పాయింటూ పోతుంది. నోటిమాటగా ఇచ్చిన హామీని రూల్సు పట్టించుకోవు గానీ ఈ కార్డు పట్టించుకుంటుంది. ఇంకోటి, మన కమోడిటీలు (సరుకు టోకెన్లు) పక్కవాడికి ఇస్తేనే ఖర్చుపెట్టగలిగే ట్రేడ్ గూడ్స్ అవుతాయి, పక్కవాళ్ళతో గొడవపడితే ఖర్చుపెట్టడానికి పనికిరాని కమోడిటీలే మిగులుతాయి.

నెబ్యులా_బాబాయ్:
యుద్ధమే వద్దనకండి, అదీ ఆటే. కాకపోతే ఎప్పుడు, ఎవరి మీద అన్నదే లెక్క. 8 పాయింట్ల మీద ఉన్నవాడి హోమ్ మీద పడాలి, అదీ వాడు తన ఫ్లీట్ ఉన్న చోట కమాండ్ టోకెన్ పెట్టేశాక. ఆ రౌండ్‌లో ఆ షిప్పులు అక్కణ్ణుంచి కదలవు, హోమ్ కాపాడుకోడానికి తిరిగి రాలేవు. మీ లెట్నెవ్ దోస్తుకి ఆ పని అప్పజెప్పండి, టేబుల్ అంతా వాడికి థాంక్స్ చెప్తుంది.

బల్లమీద_గెలాక్సీ:
థాంక్స్ అందరికీ, ఇద్దరికీ ఇదే పంపించా. ఒక్క డౌట్, సపోర్ట్ కార్డు మార్చుకోవాలంటే ఇద్దరూ పక్కపక్కనే ఉండాలా?

పక్కసిస్టమ్_వాడు:
అవును, మీ వంతులో మార్చుకోవాలంటే బోర్డు మీద నైబర్స్ అవ్వాలి. ఇద్దరికీ ఆనుకున్న సిస్టమ్స్‌లో షిప్పో, గ్రహమో ఉంటే చాలు. ఎమిరేట్స్ ఆఫ్ హకాన్ ఆడేవాడైతే దూరంగా ఉన్నవాళ్ళతో కూడా బేరం చేసుకోవచ్చు, అలిగినవాడికి ఈసారి ఆ ఫ్యాక్షన్ ఇచ్చి చూడండి.