చిన్న ఓక్ పీపాలో పోర్ట్ (బ్రాందీ కలిపిన తీపి వైన్) ఎన్నాళ్లు ఉంచవచ్చు?

ప్రశ్న: విశాఖ లాసన్స్ బేలోని మా ఇంట్లో తయారుచేసి, నాలుగు నెలల క్రితం 5 లీటర్ల కొత్త ఓక్ పీపాలో నింపిన పోర్ట్‌లో ఇప్పుడు చెక్క వగరే తెలుస్తోంది, మట్టం కూడా రెండు వేళ్లు దిగింది. ఏం చేయమంటారు?

జవాబు: పోర్ట్ పుట్టిన పోర్చుగల్‌లోని డోరో లోయలో వాడే పెద్ద పీపాలో దాదాపు 550 లీటర్లు పడుతుంది కనుక అక్కడ ఏళ్లు పట్టే మార్పు, లీటరుకు తగిలే చెక్క ఎన్నో రెట్లు ఎక్కువైన మీ బుల్లి పీపాలో నెలల్లోనే జరిగిపోతుంది. వెంటనే గాజు సీసాల్లోకి మార్చండి.

మరో జవాబు: నాదీ అదే మాటండి. పైగా మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, పీపాలోంచి నీటికన్నా ఆల్కహాలే ఎక్కువగా ఎగిరిపోయి, 20 శాతం దగ్గర ఉండాల్సిన ఘాటు మెల్లగా పడిపోతుంది. చెక్క సోకని పోర్ట్ మిగిలి ఉంటే, ముందు ఒక్క గ్లాసులో కొలిచి కలిపి, మర్నాడు రుచి చూడండి. ఖాళీ పీపాను ఎండనివ్వకండి, పలకల సందులు విచ్చుకుంటాయి.

అడిగినవారు: పీపాలోది ఒక వంతుకు చెక్క సోకనిది మూడు వంతులు కలిపితే ఎండుద్రాక్ష రుచి మళ్లీ పైకి తేలిందండి.