నవ్వే గుడ్లగూబ పోయింది, ఎర్ర పుట్టగొడుగు పాకింది: తేడా ఎక్కడ?

అడవిచూపు:
న్యూజిలాండ్‌ నవ్వే గుడ్లగూబ చివరిసారి 1914 జులై 5న కాంటర్బరీ ప్రాంతంలోని బ్లూక్లిఫ్స్ దగ్గర చచ్చి దొరికింది. అదే దేశానికి బయటినుంచి వచ్చిన ఫ్లై అగారిక్, అదే తెల్ల మచ్చల ఎర్ర పుట్టగొడుగు, ఇప్పుడు స్థానిక అడవుల్లోకీ చొరబడుతోంది. కారణం సంతానమే అంటాను. గూబ పెట్టేది రెండు గుడ్లు. పుట్టగొడుగు విత్తనాల బదులు వదిలే పొడిలాంటి సిద్ధబీజాలకు లెక్కే లేదు.

పుట్టమన్ను:
సంఖ్యతో ఇది తేలదండీ. ఆ సిద్ధబీజాల్లో దాదాపు అన్నీ వృథాయే. చెట్టు వేరు దొరక్కపోతే ఈ శిలీంధ్రానికి బతుకు లేదు. వేరు కొసలకు తొడుగులా అల్లుకుని, చెట్టు నుంచి చక్కెర తీసుకుని, బదులుగా మట్టిలోని పోషకాలు అందిస్తుంది. అక్కడికి అది పైన్ లాంటి విదేశీ చెట్లతో వచ్చింది. తర్వాత సదరన్ బీచ్ అనే స్థానిక చెట్ల వేళ్లనూ పట్టుకుంది. తోడు దొరికింది కాబట్టే పాకింది.

రెక్కలరాత:
గూబ సంగతీ అంతే. రూరూ అనే చిన్న గుడ్లగూబ పెట్టేదీ రెండు మూడు గుడ్లే, అయినా అదే నేల మీద నేటికీ ఉంది. తేడా గూటిలో ఉంది. రూరూ ఎక్కువగా చెట్టు తొర్రల్లో పెడుతుంది. నవ్వే గూబ రాతి నెర్రెల్లో, బండల కింద పెట్టేది, వేట కూడా చాలావరకు నేల మీదే. కుందేళ్లను అదుపు చేయడానికని 1880ల్లో వదిలిన స్టోట్‌లు, ఫెరెట్‌లు అనే ముంగిసలాంటి చిన్న వేట జంతువులకు, వాటితోపాటు పిల్లులకు ఆ గూళ్లు సులువుగా అందాయి. స్టోట్ చెట్టూ ఎక్కుతుంది, తొర్ర పూర్తి రక్ష కాదు. కానీ నేల గూటికి ఆ మాత్రం అడ్డు కూడా లేదు.

అడవిచూపు:
గూటి మాట ఒప్పుకుంటున్నాను. మరి పుట్టగొడుగు కనబడని చోట అది లేనట్టేనా?

పుట్టమన్ను:
కాదు. పైకి వచ్చేది కాయ లాంటిది, అసలు జీవి మట్టిలోని దారాలు. కనబడినప్పుడు అదేనా అని గుర్తుపట్టాలంటే మాత్రం పీకకండి, కత్తితో మట్టితో సహా లేపండి. లేకపోతే కాడ అడుగున ఉబ్బు, దాని మీది పొలుసుల వలయాలు మట్టిలోనే ఉండిపోతాయి. వానకు టోపీ మచ్చలు కొట్టుకుపోతాయి, అప్పుడు ఆ ఉబ్బే గుర్తు. టోపీని దాని అడుగున ఉండే పలచని రేకులు కిందికి ఉండేలా నల్ల కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే సిద్ధబీజాల తెల్ల పొడి రాలుతుంది. తెల్ల కాగితం మీద ఆ పొడి కనబడదు. ఇది విషం, నోట పెట్టకూడదు.

అడవిచూపు:
కనబడకపోవడం గూబకూ రుజువు కాదుగా? మన దేశపు ఫారెస్ట్ ఔలెట్‌ అనే చిన్న గుడ్లగూబ 1884 తర్వాత పోయిందనే అనుకున్నారు. 1997లో మహారాష్ట్రలో మళ్లీ దొరికింది.

రెక్కలరాత:
నిజమే, అందుకే తొందరపడి ముద్ర వేయకూడదు. కానీ నవ్వే గూబ దాగే పక్షి కాదు, దాని పేరే అరుపు వల్ల వచ్చింది. మట్టిలో దారాలుగా మిగిలే వీలూ దానికి లేదు. మిగిలినవి సున్నపురాతి గుహల్లో అది తిన్నవాటిలో అరగక కక్కిన ఉండల పోగులు. వాటిలో బల్లుల, కప్పల, గబ్బిలాల ఎముకలు ఇప్పటికీ విడివిడిగా ఏరుకోవచ్చు.