గోంగూర పచ్చడి పౌచ్‌లు మూడో వారంలో ఉబ్బుతున్నాయి

సరదాగా పెట్టుకునే గోంగూర నిల్వ పచ్చడిని ఇప్పుడు శని, ఆదివారాల్లో చేసి హైదరాబాద్‌లో ఆర్డర్ల మీద అమ్ముతున్నాం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. గాజు సీసాల్లో ఏ ఇబ్బందీ లేదు. అదే వాయి 250 గ్రాముల స్టాండప్ పౌచ్‌లలో నింపితే మూడో వారానికల్లా ఉబ్బుతోంది. కత్తిరిస్తే బుస్సుమని గాలి, వెల్లుల్లి రెబ్బల చుట్టూ సన్నటి బుడగలు, కాస్త పులిసిన వాసన. బూజు మాత్రం లేదు.

కొలతలు: కాడలు తీసిన ఎర్ర గోంగూర కిలో, ఉప్పు 150 గ్రాములు, కారం 120, చింతపండు 100, వెల్లుల్లి 100, నువ్వుల నూనె 400. ఆకు కడిగి రాత్రంతా ఫ్యాను కింద గుడ్డ మీద ఆరబెట్టి, నూనెలో దగ్గరపడే దాకా వేయిస్తాం. పూర్తిగా చల్లారాకే నింపుతాం.

ఉప్పు పెంచి చూశాం, నోట పెట్టలేనంత ఉప్పగా అయింది తప్ప ఉబ్బు ఆగలేదు. వెల్లుల్లిని పచ్చిగా కాకుండా పోపులో వేయిస్తే నాలుగైదు రోజులు ఆలస్యమైందంతే. బేగంబజార్‌లో మందం పౌచ్‌లు తెచ్చి వెడల్పు సీల్ వేసినా అంతే. సీసాలో పైన నూనె తేలి గాలి తగలనివ్వదు, పౌచ్‌లో ఆ తెట్టు నిలవదు. అసలు తేడా అక్కడే అనిపిస్తోంది.

నిల్వ కోసం వాడే బెంజోయేట్ రసాయనం కలపడం ఇష్టం లేదు, ఇంటి పచ్చడనే కదా కొంటున్నారు. అందుకే వేడిగా నింపాలనుకుంటున్నాం, కానీ పౌచ్ లోపలి పొర మెత్తబడి సీల్ విడిపోతుందేమోనని భయం.

పౌచ్‌లలో పచ్చడి అమ్మేవాళ్లు చెప్పండి: ఎన్ని డిగ్రీల వేడి మీద నింపి సీల్ వేస్తే ఉబ్బు రాకుండా ఉంటుంది?